చీకటిలో తయారయ్యే రసాయనం – మెలటోనిన్, రొమ్ము కేన్సరు కణాలు

క్రిందటి దీపావళినాడు ప్లేనోలో మా మిత్రుల ఇంట భోజనాలు ముగిసిన తరువాత ఆ ఇంటి ఇల్లాలు నన్ను పక్కకు పిలిచి, "అన్నయ్యగారూ, మీరు కెమిస్ట్రీలో డాక్టరేటు చేశారు కదా, ఒక్క సందేహం తీర్చాలి" అంటూ వంటింటి అలమరలోనుండి ఒక సీసా తీసి చూపించారు. అది మెలటోనిన్ సీసా. ఇక్కడ డాక్టరు చీటీ అక్కరలేకుండా కిరాణా దుకాణంలో దొరికేదే. ఆమెకు రెండేళ్ళ క్రితం రొమ్ము కేన్సరుకు శస్త్రచికిత్స జరిగింది. నాటినుండి ప్రతిదినం టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నారు. దానివల్ల ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్రలేమి. ఆమె చాలా విసిగిపోయి ఉన్నారు.

"మెలటోనిన్ రొమ్ము కేన్సరు కణాలను పెరగనివ్వదని చదివాను. నిద్రా పడుతుంది, జబ్బూ ఆగుతుంది. మరి ఆ టామాక్సిఫెన్ మానేసి ఇదే వేసుకుంటే తప్పేమిటి?" అని అడిగారు.

"మీ డాక్టరుతో మాట్లాడకుండా ఒక్క పూట కూడా ఆ మాత్ర మానకండమ్మా" అని మాత్రం అప్పటికి చెప్పగలిగాను. ఆమె చదివినది అబద్ధమే అయితే ఒక్క మాటతో కొట్టిపారవేయవచ్చును. కాని అది అబద్ధం కాదు; చిక్కంతా అక్కడే ఉన్నది. ఒక నిజాన్ని ఎంతవరకు నమ్మాలో, ఎక్కడ ఆగాలో చెప్పడానికి వంటింటి గుమ్మంలో అయిదు నిమిషాలు చాలవు. అందుకే ఈ వ్యాసం.

కప్ప చర్మంతో మొదలైన కథ

మన మెదడు మధ్యలో, ఇంచుమించు బియ్యపు గింజంత పరిమాణంలో, పీనియల్ గ్రంథి అనే చిన్న అవయవం ఉన్నది. పదిహేడవ శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ దీనిని ఆత్మకు నివాసమని భావించాడు. అది చేసే పని ఏమిటో మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు. 1917లో మెకార్డ్, ఆలెన్ అనే శాస్త్రజ్ఞులు ఆవుల పీనియల్ గ్రంథి సారాన్ని కప్పపిల్లలకు తినిపించగా వాటి చర్మం రంగు కోల్పోయి అద్దంలా పారదర్శకమైంది.

నలభై ఏళ్ళ తరువాత యేల్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యుడైన ఆరన్ లెర్నర్ దృష్టి ఈ విషయంపై పడింది. చర్మపు రంగును మార్చే ఆ పదార్థం బొల్లి వంటి చర్మవ్యాధులను అర్థం చేసుకోవడానికి పనికి వస్తుందేమోనని ఆయన ఆశ. వేలకొలది ఆవుల పీనియల్ గ్రంథులను సేకరించి, వాటినుండి అతి స్వల్ప పరిమాణంలో ఆ పదార్థాన్ని 1958లో వేరుచేయగలిగారు. చర్మంలో రంగునిచ్చే మెలనిన్‌ను, తనకు మాతృక అయిన సెరొటోనిన్‌ను కలిపి తలపించేటట్లు దానికి 'మెలటోనిన్' అని పేరు పెట్టారు. బొల్లికి అది మందు కాలేదు. కాని ఒక కొత్త హార్మోను శాస్త్రలోకానికి దక్కింది.

రసాయన శాస్త్రజ్ఞుని కంటికి ఇది చాలా చిన్న అణువు. 13 కర్బన, 16 ఉదజని, 2 నత్రజని, 2 ఆమ్లజని పరమాణువులు, అణుభారం 232. మనం తినే పప్పులోను, త్రాగే పాలలోను ఉండే ట్రిప్టోఫాన్ అనే ఎమైనో ఆమ్లం నుండి నాలుగు మెట్లలో శరీరమే దీనిని తయారు చేసుకుంటుంది. ఆ తయారీకి సమయం కుదిర్చేది చీకటి. ప్రొద్దు గుంకిన తరువాత రక్తంలో మెలటోనిన్ పెరగడం మొదలై, నడిరేయి దాటిన తరువాత శిఖరాన్ని అందుకొని, తెల్లవారేసరికి పడిపోతుంది. మధ్యలో దీపం వెలిగిస్తే తయారీ తగ్గిపోతుంది. ప్రకాశవంతమైన వెలుతురు మనుషుల రక్తంలో మెలటోనిన్‌ను అణచివేస్తుందని 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం నిరూపించింది. మన కంటిలో చూపుతో నిమిత్తం లేకుండా వెలుతురును, ముఖ్యంగా నీలి కాంతిని, పసిగట్టి మెదడులోని జీవ గడియారానికి కబురు చేసే ప్రత్యేక కణాలు ఉన్నాయని 2002లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బెర్సన్ బృందం చూపించింది.

చీకటికీ, ఈ గ్రంథికీ, పునరుత్పత్తికీ సంబంధం ఉందని చూపిన తొలి పరిశోధకులలో ఒకరు, తరువాతి కాలంలో మన టెక్సస్‌లోనే శాన్ ఆంటోనియోలో పనిచేసిన రస్సెల్ రైటర్. హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువులను ఎక్కువసేపు చీకటిలో ఉంచితే వాటి జననగ్రంథులు కుంచించుకుపోతాయని, పీనియల్ గ్రంథిని తీసివేస్తే అలా జరగదని ఆయన, రోజర్ హాఫ్‌మన్ 1965లో ప్రకటించారు. స్త్రీలలో జననగ్రంథులు విడుదల చేసే ఎస్ట్రోజెన్ హార్మోను రొమ్ము కేన్సరుకు దోహదం చేస్తుందని తెలిసినదే. అందువల్ల పీనియల్ గ్రంథికీ రొమ్ము కేన్సరుకూ సంబంధం ఉండవచ్చునన్న అనుమానం సహజంగానే పుట్టింది.

ఒక సన్యాసిని కణాలు

ఈ అనుమానాన్ని పరీక్షించడానికి ప్రయోగశాలలో పెంచగల రొమ్ము కేన్సరు కణాలు కావాలి. అవి మిషిగన్ రాష్ట్రానికి చెందిన కేథరిన్ ఫ్రాన్సిస్ మాలన్ అనే క్రైస్తవ సన్యాసిని శరీరం నుండి వచ్చాయి. రొమ్ము కేన్సరు ముదిరిన ఆమె ఊపిరితిత్తుల చుట్టూ చేరిన ద్రవం నుండి తీసిన కణాలను డిట్రాయిట్‌లోని మిషిగన్ కేన్సర్ ఫౌండేషన్‌లో హెర్బర్ట్ సూల్ బృందం గాజు పాత్రలో బ్రతికించగలిగింది. ఆమె 1970లో మరణించారు. ఆ సంస్థ పేరులోని మొదటి అక్షరాలతో 'ఎం.సి.ఎఫ్.-7' అని పిలిచే ఆ కణాలు నేటికీ ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతూనే ఉన్నాయి. వీటిలో ఎస్ట్రోజెన్‌ను గుర్తించే గ్రాహకాలు సమృద్ధిగా ఉన్నాయి.

1988లో స్టీవెన్ హిల్, డేవిడ్ బ్లాస్క్ ఈ కణాలను పళ్ళాలలో పెంచుతూ వేర్వేరు మోతాదులలో మెలటోనిన్ కలిపి చూశారు. లీటరుకు ఒక మోల్‌లో వంద కోట్లవ వంతు, పదివేల కోట్లవ వంతు మోతాదుల దగ్గర కణాల పెరుగుదల 60 నుండి 78 శాతం వరకు తగ్గింది. ఇంత పలుచని ద్రావణం ఎలా ఉంటుందో ఊహించుకోవాలంటే, 25 లక్షల లీటర్ల నీరు పట్టే ఒలింపిక్ ఈతకొలనులో ఒక చిటికెడు, అనగా సుమారు అర గ్రాము, మెలటోనిన్ కలిపితే వంద కోట్లవ వంతు మోతాదు అవుతుంది. మన రక్తంలో రాత్రివేళ సహజంగా ఉండే మెలటోనిన్ ఈ రెండు మోతాదుల నడుమనే ఉంటుంది.

ఆ ప్రయోగంలో అంతకంటె గమనించదగిన విషయం మరొకటి ఉన్నది. మోతాదును వందరెట్లు పెంచి కోటవ వంతుకు, ఇంకా పెంచి లక్షవ వంతుకు తీసుకొని వెళ్ళినపుడు ఆ నిరోధం కనబడలేదు. బాగా తగ్గించినప్పుడూ కనబడలేదు. ఎంత ఎక్కువైతే అంత మంచిదనే లెక్క ఇక్కడ చెల్లలేదు. పైగా మెలటోనిన్ ఉన్న ద్రవాన్ని తీసివేసి మామూలు పోషక ద్రవం పోస్తే కణాలు మళ్ళీ యథాప్రకారం పెరగసాగాయి. అనగా మెలటోనిన్ ఆ కణాలకు కళ్ళెం వేసినదే కాని వాటిని చంపలేదు.

తరువాతి సంవత్సరాలలో ఇంకొక సంగతి బయటపడింది. ఒకే పేరుతో పిలిచే ఎం.సి.ఎఫ్.-7 కణాలే అయినా వేర్వేరు ప్రయోగశాలలలో ఏళ్ళ తరబడి పెరిగిన సంతతులు మెలటోనిన్‌కు ఒకే విధంగా స్పందించలేదు. కొన్నిటిలో నిరోధం బలంగా కనబడితే కొన్నిటిలో అంతంత మాత్రమే. ఒకే స్త్రీ నుండి వచ్చిన కణాలలోనే ఇంత భేదం ఉంటే, వేర్వేరు స్త్రీల జబ్బుల నడుమ ఎంత భేదం ఉండగలదో పాఠకులే ఊహించగలరు.

తాళంచెవి, తాళంకప్ప

ఈ నిరోధం ఎలా జరుగుతుంది? ఎస్ట్రోజెన్ ఒక తాళంచెవి అనుకుందాం. కణంలోపల ఉండే ఎస్ట్రోజెన్ గ్రాహకం తాళంకప్ప. చెవి పడి కప్ప తెరుచుకోగానే ఆ గ్రాహకం డి.ఎన్.ఎ.ను చేరి, కణం విభజన చెందడానికి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. టామాక్సిఫెన్ చేసే పని, ఆ కప్పలో తానే దూరి కూర్చొని అసలు చెవికి చోటు లేకుండా చేయడం.

మెలటోనిన్ తాళంకప్ప జోలికి పోదు. అది వేరే వాకిట వస్తుంది. కణం పైపొరలో దానికి ఎం.టి.-1 అనే సొంత గ్రాహకం ఉన్నది. మెలటోనిన్ అక్కడ చేరగానే కణంలో సైక్లిక్ ఎ.ఎం.పి. అనే వార్తాహర అణువు పరిమాణం తగ్గుతుంది. దానితో ఎస్ట్రోజెన్ గ్రాహకం చురుకుదనం మందగిస్తుంది. ఎస్ట్రోజెన్ ఉన్నా, అది పలికినంత గట్టిగా జన్యువులు పలుకవు. అంతేకాక, శరీరంలో ఎస్ట్రోజెన్‌ను తయారుచేసే ఆరొమటేజ్ అనే ఎంజైమును కూడా మెలటోనిన్ కొంత తగ్గిస్తుందని కణాలపై జరిగిన ప్రయోగాలు తెలుపుతున్నాయి. సంగ్రహంగా చెప్పాలంటే, టామాక్సిఫెన్ తలుపు మూస్తుంది. మెలటోనిన్ ఇంట్లో సందడి తగ్గిస్తుంది. రెండూ ఒకే పని కాదు కాబట్టి ఒకదాని స్థానంలో మరొకటి చాలదు.

పగటి రక్తం, రాత్రి రక్తం

పళ్ళెంలో పెరిగే కణానికి రాత్రీ పగలూ లేవు. ఈ లోపాన్ని పూరించే ప్రయత్నం బ్లాస్క్ బృందం 2005లో ప్రచురించింది. ఆరోగ్యవంతులైన స్త్రీల నుండి మూడు సమయాలలో రక్తం తీసుకున్నారు: పగలు, చీకటిగా ఉన్న రాత్రి, రాత్రివేళనే ప్రకాశవంతమైన ఫ్లోరసెంట్ దీపాల వెలుతురులో కొంతసేపు ఉంచిన తరువాత. ఎలుకలలో పెంచిన మానవ రొమ్ము కేన్సరు కంతులగుండా ఈ మూడు రక్తాలను ప్రవహింపజేశారు. చీకటి రాత్రి తీసిన, మెలటోనిన్ నిండుగా ఉన్న రక్తం కంతి పెరుగుదలను అణచింది. పగటి రక్తం అణచలేదు. రాత్రి తీసినదే అయినా దీపాల వెలుతురు తగిలిన స్త్రీల రక్తం, పగటి రక్తంలాగానే ప్రవర్తించింది.

2014లో టులేన్ విశ్వవిద్యాలయంలో హిల్, బ్లాస్క్, వారి సహచరులు ప్రచురించిన పరిశోధన మా మిత్రుల ఇంటి ప్రశ్నకు ఇంకా దగ్గరగా వస్తుంది. మానవ రొమ్ము కేన్సరు కంతులు ఉన్న ఎలుకలకు టామాక్సిఫెన్ ఇచ్చారు. రాత్రులు పూర్తి చీకటిలో ఉన్న ఎలుకలలో మందు చక్కగా పనిచేసి కంతులు తగ్గాయి. తలుపు సందులోనుండి పడేటంత మసక వెలుతురు రాత్రంతా ఉన్న గదిలోని ఎలుకలలో అదే మందుకు కంతులు లొంగలేదు. ఆ ఎలుకలకు రాత్రివేళ మెలటోనిన్ అందించగా మందు మళ్ళీ పనిచేసింది. ఇక్కడ మెలటోనిన్ టామాక్సిఫెన్‌కు ప్రత్యామ్నాయం కాదు, సహాయకారి. ఐతే ఇది ఎలుకల మాట. స్త్రీలలో ఇదే జరుగుతుందని ఈ ప్రయోగం నిరూపించలేదు.

రాత్రి ఉద్యోగాల మాట

ప్లేనోలో రాత్రి 9.30 అయితే వేసవికాలంలో హైదరాబాదులో మరునాటి ఉదయం 8 గంటలు. అక్కడివారితో మాట్లాడవలసిన మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులకు ఈ లెక్క కంఠతా వచ్చును. ఇక ఆసుపత్రులలో రాత్రి విధులు నిర్వహించే మన నర్సులూ, డాక్టర్లూ ఉండనే ఉన్నారు. వీరందరూ భయపడాలా?

రాత్రి దీపాల వెలుతురుకూ రొమ్ము కేన్సరుకూ సంబంధం ఉండవచ్చునని 1987లో రిచర్డ్ స్టీవెన్స్ ప్రతిపాదించారు. 2001లో వెలువడిన అమెరికా నర్సుల అధ్యయనంలో సుమారు 78 వేల మందిని పరిశీలించగా, 30 ఏళ్ళు, అంతకు మించి, నెలకు కనీసం మూడు రాత్రుల చొప్పున మార్పిడి విధులు చేసినవారిలో ఈ జబ్బు 36 శాతం ఎక్కువగా కనబడింది. అంతకంటె తక్కువకాలం చేసినవారిలో ఆ పెరుగుదల చాలా స్వల్పం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగం 2007లో రాత్రి పనిని 'బహుశా కేన్సరు కారకం' అనే వర్గంలో చేర్చింది. 2019లో మరల పరిశీలించి అదే వర్గంలో ఉంచింది. మరొక ప్రక్క, 2016లో బ్రిటన్‌లో లక్షలాది స్త్రీల సమాచారాన్ని పరిశీలించినవారికి అటువంటి పెరుగుదల కనబడలేదు. కాబట్టి వివాదం ముగియలేదు. రాత్రి విధులు చేసే సోదరీమణులు బెంగపెట్టుకోవలసిన పని లేదు. పగటి నిద్రకు మంచి చీకటి గదిని అమర్చుకోవడం, రొమ్ము పరీక్షలు వాయిదా వేయకుండా చేయించుకోవడం అవసరం.

పళ్ళెం నుండి మనిషి వరకు

ప్రయోగశాలలో ఫలించినదంతా మందు కాదు. నడుమ చాలా దూరం ఉన్నది. ఆ దూరం ఎంతో తెలియడానికి మన తెలుగువాడి కథనే తీసుకుందాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి విరోధులైన అణువులను తయారుచేశారు. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు సోకిన పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా తగ్గిందని 1948లో ప్రకటించారు. ఆ కుటుంబానికే చెందిన మెథొట్రెక్సేట్ రొమ్ము కేన్సరుపై పనిచేస్తుందని జేన్ రైట్ 1951లో చూపారు. ఐనా అది అక్కడితో ఆగలేదు. 1976లో ఇటలీలోని మిలన్‌లో జియాన్ని బొనడొన్నా, శస్త్రచికిత్స అయిన 386 మంది స్త్రీలలో కొందరికి మెథొట్రెక్సేట్‌తో కూడిన మూడు మందులు ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా పోల్చి చూసిన తరువాతనే ఆ చికిత్స లోకంలో స్థిరపడింది. మంచి అణువు మందుగా మారడానికి అన్ని సంవత్సరాలూ, అంతమంది రోగుల సహకారమూ కావలసివచ్చాయి.

మెలటోనిన్ ఆ దారిలో ఎంతవరకు వచ్చింది? 1995లో ఇటలీలోనే పావులో లిస్సోని బృందం, టామాక్సిఫెన్‌కు లొంగకుండా జబ్బు వ్యాపించిన 14 మంది స్త్రీలకు ఆ మందుతోపాటు మెలటోనిన్ కూడా ఇచ్చి, నలుగురిలో కంతులు కొంత తగ్గాయని వ్రాసింది. ఆశ కలిగించే ఫలితమే. కాని 14 మందితో, పోల్చి చూడడానికి వేరే వర్గం లేకుండా జరిగిన పరీక్ష అది. ఆ పరీక్షలో కూడా టామాక్సిఫెన్ మాన్పించలేదని గమనించాలి. ఇటీవల 2021లో కెనడాలో ఊపిరితిత్తుల కేన్సరుకు శస్త్రచికిత్స అయిన 709 మందిని రెండు భాగాలు చేసి, సగం మందికి రోజుకు 20 మిల్లీగ్రాముల మెలటోనిన్, తక్కినవారికి ఉత్తుత్తి మాత్ర ఒక ఏడాది ఇచ్చిన ఫలితాలు వెలువడ్డాయి. రెండేళ్ళ తరువాత చూస్తే జబ్బు తిరగబెట్టకుండా ఉండడంలో రెండు వర్గాలకూ తేడా లేదు. అది వేరే కేన్సరు. దానితో రొమ్ము కేన్సరు సంగతి తేలిపోదు. కాని ప్రయోగశాలలోని ఆశ మనిషి దగ్గరకు వచ్చేసరికి ఎలా కరిగిపోగలదో అది తెలుపుతుంది.

ఇటు టామాక్సిఫెన్ సంగతి చూడండి. 20 పరీక్షలలో 21 వేలకు పైగా స్త్రీల సమాచారాన్ని కలిపి పరిశీలించిన నివేదిక 2011లో వెలువడింది. ఎస్ట్రోజెన్ గ్రాహకాలు ఉన్న కేన్సరుకు సుమారు అయిదేళ్ళు ఆ మాత్ర వేసుకున్నవారిలో, తరువాతి పదిహేనేళ్ళలో రొమ్ము కేన్సరు మరణాలు దాదాపు మూడవ వంతు తగ్గాయి. ఒక తక్కెడలో 14 మంది, మరొక తక్కెడలో 21 వేల మంది. ప్రాణం మీది మాట అయినపుడు ఎటు మొగ్గాలో వేరే చెప్పనక్కరలేదు.

సీసాలో ఉన్నది ఎంత?

మెలటోనిన్‌ను అమెరికాలో మందుగా కాక ఆహార పూరకంగా అమ్ముతారు. కాబట్టి మందులకు ఉండే కట్టుదిట్టమైన తనిఖీ దీనికి లేదు. 2017లో కెనడాలో 31 రకాల మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించగా, చీటీ మీద వ్రాసినదానికంటె 83 శాతం తక్కువ నుండి 478 శాతం ఎక్కువ వరకు మెలటోనిన్ కనబడింది. నాలుగింట ఒక వంతులో సెరొటోనిన్ కూడా ఉన్నది. 2023లో అమెరికాలో పరీక్షించిన 25 రకాల మెలటోనిన్ మిఠాయి మాత్రలలో 22 చీటీతో సరిపోలలేదు.

మోతాదు మాట కూడా ఆలోచించాలి. రాత్రి సహజంగా ఉండే స్థాయిని అందుకోవడానికి 0.3 మిల్లీగ్రాము సరిపోతుందని 1990లలో ఎం.ఐ.టి.లో రిచర్డ్ వర్ట్‌మన్ బృందం చూపింది. దుకాణంలో దొరికే సీసాల మీద 5, 10 మిల్లీగ్రాములని వ్రాసి ఉంటుంది. కణాల ప్రయోగంలో ఫలితమిచ్చినది సహజమైన రాత్రి మోతాదు అని మరువరాదు. పైగా రక్తాన్ని పలుచబరచే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికి మెలటోనిన్ ఇబ్బంది కలిగించవచ్చును. కనుక ఏ జబ్బుకైనా చికిత్సలో ఉన్నవారు డాక్టరుకు చెప్పిన తరువాతనే దీనిని ముట్టుకోవాలి.

ఖర్చులేని మెలటోనిన్ ఒకటున్నది. పడకగదిలో దీపాలార్పి, కిటికీలకు మందమైన తెరలు వేసి, నిద్రకు గంట ముందే ఫోనూ టెలివిజనూ కట్టివేస్తే శరీరమే తగిన మోతాదులో, తగిన వేళకు దానిని తయారుచేస్తుంది. దీనివల్ల కేన్సరు నయమవుతుందని నేననడం లేదు. ఈ అలవాటు వల్ల నష్టమేమీ లేదు, మంచి నిద్ర లాభం. 40 నుండి 74 ఏళ్ళ మధ్య స్త్రీలు రెండేళ్ళకొకసారి మామోగ్రామ్ చేయించుకోవాలని అమెరికా నిపుణుల సంఘం 2024లో సూచించింది. చీకటి గదికీ, మాత్రకూ ముందు రావలసినది ఆ పరీక్ష.

మా మిత్రుల ఇల్లాలు ఆ తరువాత తమ కేన్సరు డాక్టరును కలిసి, ఆవిర్ల సంగతీ, నిద్రలేమి సంగతీ, మాత్ర మానివేయాలనిపించిన సంగతీ దాచకుండా చెప్పారు. ఆవిర్లు తగ్గడానికి ఆయన వేరే ఉపాయం చూశారు. టామాక్సిఫెన్ సాగుతున్నది. మొన్న ఉగాదికి కలిసినపుడు, "అన్నయ్యగారూ, పడకగదిలో రాత్రంతా వెలిగే బల్బు తీయించేశాను" అన్నారు నవ్వుతూ. నాలుగు దశాబ్దాల పరిశోధన నుండి ప్రస్తుతానికి మనం ఇంటికి తీసుకొని వెళ్ళగలిగినది అంతే: చీకటిని చీకటిగా ఉంచుకోవడం, మందును మందుగా వేసుకోవడం.